తిథి తెలుసు, వయసు తెలియదు

మా ఇంట్లో ఒక పాత నోటుపుస్తకం ఉన్నది. మా నాయనమ్మ చెబుతూండగా మా నాన్నగారు రాసి పెట్టినది. అట్ట ఊడిపోయి కుట్టుదారం పైకి కనిపిస్తూ ఉంటుంది. మా వంశంలో కాలం చేసినవారి తిథులన్నీ అందులో ఉన్నాయి. మా తాతగారిది మన్మథ నామ సంవత్సర ఫాల్గుణ బహుళ సప్తమి. ఆయన తండ్రిగారిది శ్రావణ శుద్ధ ఏకాదశి. చివరి పుటలో నా చేతిరాతతో మా నాన్నగారిది, బహుధాన్య నామ సంవత్సరం. తద్దినం పెట్టించేటప్పుడు పంతులుగారు గోత్రం, మూడు తరాల పేర్లు అడిగితే మా తమ్ముడూ నేనూ తడుముకోకుండా చెప్పగలం. చిన్నప్పటి నుంచీ విని విని నోటికి వచ్చేసినవి.

అయితే ఎవరు ఎన్నేళ్ళ వయసులో పోయారో, ఏమై పోయారో ఆ పుస్తకంలో ఒక్క ముక్క లేదు. ఆ లోటు నాకు 2015 వరకూ లోటుగా తోచలేదు. అరవై ఏళ్ళ తరువాత మన్మథ నామ సంవత్సరం మళ్ళీ తిరిగి వచ్చిన ఏడు అది. ఆఫీసువారు ఉద్యోగులందరికీ చేయించిన రక్తపరీక్షలో నాకు ఎల్‌డీఎల్ కొలెస్టరాలు 262 అని వచ్చింది. డెసిలీటరు రక్తంలో ఇన్ని మిల్లీగ్రాములు అని లెక్క. మామూలు మనిషికి నూరు లోపల ఉంటే మంచిదంటారు. అప్పటికి నా వయసు 37, బరువు 58 కిలోలు. మా ఇంట్లోకి గుడ్డు కూడా రాదు. సిగరెట్టు, మద్యం అలవాటు లేవు.

రిపోర్టు చూసిన ప్రతివారూ వేసిన మొదటి ప్రశ్న ఒక్కటే: "ఏం తింటున్నావు?"

ఈ ప్రశ్నలో ఉన్న అన్యాయం గురించే ఈ టపా. నన్ను అడిగినవారందరూ నా మంచి కోరినవారే. మా అత్తగారు ఫోనులో "నెయ్యి మానెయ్యండి బాబూ, ఇంకేమీ అక్కరలేదు" అన్నారు. పక్కవాటా ఆయన వెల్లుల్లి మింగమన్నారు. మా అమ్మ మాత్రం ఏమీ అనలేదు. కానీ ఆ రోజు నుంచి తాలింపు వేసేటప్పుడల్లా నూనె గరిటెను వెలుతురుకేసి ఎత్తి చూసుకోవడం మొదలుపెట్టింది. తన చేతి వంట తిని కొడుకు జబ్బు తెచ్చుకున్నాడని ఆమె బెంగ. ఆ బెంగను ఆమెకు అంటగట్టింది మన అందరి తెలియనితనమే.

ఆరు నెలలు దీక్ష పట్టాను. నెయ్యి లేదు, కొబ్బరి లేదు, వేపుడు లేదు. మీగడ తీసిన పాలతోనే పెరుగు. రోజూ తెల్లవారుజామున ఐదు కిలోమీటర్ల నడక. మళ్ళీ పరీక్ష చేయిస్తే 228. తగ్గిందని సంతోషించాలో, ఇంతేనా అని ఏడవాలో తెలియలేదు. ఇంతలో కంటే ఎక్కువగా నొప్పించినది ఇంకొకటి జరిగింది. నేను చాటుమాటుగా బజ్జీలు తింటున్నానని మావాళ్ళలో ఒకరు నవ్వుతూనే అనుమానించారు. నేను ఏ తప్పూ చేయలేదని అనడానికి నా దగ్గర ఉన్న సాక్ష్యం నా మాట ఒక్కటే. నాకు వ్యతిరేకంగా అచ్చైన కాగితం ఉంది!

తరువాత వెళ్ళిన డాక్టరుగారు పెద్దాయన. రిపోర్టు ఓసారి చూసి పక్కన పెట్టి, "మీ నాన్నగారు ఉన్నారా?" అని అడిగారు. లేరన్నాను. "ఎన్నేళ్ళకు పోయారు?" 52 అన్నాను. "వారి నాన్నగారు?" నాకు తెలియదు. తిథి తెలుసు గాని వయసు తెలియదు. ఆయన నన్ను బూట్లు విప్పమని, మడమ వెనుక పిక్కను మడమతో కలిపే లావుపాటి నరాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టి చూశారు. "మీ నాన్నగారికి ఇక్కడ ఇంకా లావుగా ఉండేదా?" అన్నారు. ఉండేది. చెప్పుల పట్టీ ఒరుసుకుని పుండు పడేది. వేళ్ళ కణుపుల మీద కూడా గట్టి బుడిపెలు ఉండేవి. చిన్నప్పుడు వాటిని నొక్కి ఆడుకునేవాణ్ణి. ఆ బుడిపెలు కొలెస్టరాలు పేరుకున్న ముద్దలని నాకు ఆనాడు తెలిసింది, ఆయన పోయిన పదిహేడేళ్ళకు.

ఇంటికి వచ్చి మేనత్తకు ఫోను చేశాను. ఆమెకు ఇప్పుడు ఎనభై దాటాయి, గుండెకు రెండు స్టెంట్లతో ఉన్నారు. ఆమె కనురెప్పల మీద ముక్కు పక్కగా పసుపుపచ్చని మచ్చలు ఉంటాయి. చందనపు చుక్కలంటూ ఇంట్లో అందరూ మురిసేవారు. ఆవిడ ఓపికగా లెక్కలు కట్టి చెప్పింది. తాతగారు పక్క ఊరి నుంచి నడిచి వస్తూ చెరువుగట్టు మీద కూలిపోయేటప్పటికి ఆయనకు 43 ఏళ్ళు. ఎండదెబ్బ అన్నారట. ఫాల్గుణమాసంలో, పొద్దు వాలాక ఎండదెబ్బ! మా పెదనాన్న 48కి పోయారు. చుట్టలు కాల్చేవారు గనుక చుట్టల మీదికి నెట్టారు. మా నాన్నగారికి కొత్త ఇంటి అప్పు కారణమైంది. మూడు చావులకు మూడు వేరు వేరు కారణాలు వెతుక్కున్నాం. మూడింటినీ ఒక వరుసలో పెట్టి చూడాలని ఎవరికీ తోచలేదు.

ఇక విషయంలోకి వస్తాను. కొలెస్టరాలు అన్న మాటకే మనకు దడ గాని, అది విషం కాదు. 1815లో మిషెల్ షెవ్రెల్ అనే ఫ్రెంచి రసాయనశాస్త్రవేత్త పిత్తాశయపు రాళ్ళలో దొరికిన ఈ మైనం వంటి పదార్థానికి పేరు పెట్టాడు. గ్రీకులో ఖోలే అంటే పిత్తం, స్టెరియోస్ అంటే ఘనం. శరీరంలోని ప్రతి కణానికీ పైపొర కట్టడానికి ఇది కావాలి. పిత్తరసానికి కావాలి, కొన్ని హార్మోనులకు కావాలి. ఇంత అవసరమైన సరుకును మన తిండి దయకు వదిలిపెట్టడం ఇష్టం లేకనో ఏమో, శరీరం చాలామటుకు తానే తయారుచేసుకుంటుంది. తిండి నుంచి వచ్చేది చిన్న వాటా.

ఇది నూనె జిడ్డు వంటిది గనుక రక్తంలో కరగదు. పడవలలో ఎక్కించి పంపాలి. ఆ పడవలలో ఒక రకం పేరు ఎల్‌డీఎల్. సరుకు చేరవేశాక మిగిలిన పడవలను కాలేయం తన రేవులలోకి లాక్కుని విప్పేస్తుంది. ఈ రేవులను కనిపెట్టినవారు అమెరికాలో డల్లసు నగరంలో పనిచేసిన మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టైన్. 1973లో కనిపెట్టారు, 1985లో నోబెల్ బహుమానం వచ్చింది. రేవు కట్టే విధానం రాసి ఉన్న జన్యువు మనకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, మొత్తం రెండు ప్రతులు వస్తాయి. ఒక ప్రతిలో అక్షరదోషం ఉంటే రేవులు సగమే పనిచేస్తాయి. పడవలు దిగే చోటు లేక రక్తంలో రోజుల తరబడి తిరుగుతూ, ధమనుల గోడలలో ఇరుక్కుంటాయి. ఇది పుట్టిన రోజు నుంచే మొదలవుతుంది. 37 ఏళ్ళప్పుడు నా రిపోర్టులో కనిపించిన అంకె 37 ఏళ్ళుగా నా ఒంట్లో ఉన్న అంకె అన్నమాట. నేను తిన్న బజ్జీలకూ దానికీ పెద్దగా ప్రమేయం లేదు.

రెండు ప్రతులలోనూ దోషమున్న పిల్లలు ఎక్కడో లక్షల్లో ఒకరు పుడతారు. వారికి కొలెస్టరాలు 600, 800, ఒక్కోసారి వెయ్యి కూడా దాటుతుంది. పదేళ్ళు నిండకుండానే గుండెపోటు వచ్చిన పిల్లలున్నారు. 1984 ఫిబ్రవరిలో పిట్స్‌బర్గులో అటువంటి ఆరేళ్ళ పాపకు గుండెనూ కాలేయాన్నీ కలిపి మార్చారు. కాలేయం మారేసరికి వెయ్యి దాటిన కొలెస్టరాలు ఒక్కసారిగా దిగివచ్చింది. ఆ పాప పాపం 1990 వరకే బతికింది. ఆరేళ్ళ పసిదాన్ని "ఏం తింటున్నావు?" అని ఎవరు అడగగలరు?

ఒక్క ప్రతి దోషం మాత్రం అంత అరుదేమీ కాదు. ప్రపంచం మీద సుమారు మూడు వందల మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు ఎనిమిదిన్నర కోట్ల మందిమి. అదే నిష్పత్తి మనకూ వర్తిస్తే రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి రెండున్నర లక్షలకు పైమాటే. వీరిలో ఎక్కువమంది తమకు ఈ సంగతి ఉన్నదని తెలియకుండానే తిరుగుతూంటారు. తెలిసేసరికి ఆస్పత్రి మంచం మీద ఉంటారు. వారసత్వంగా వచ్చేదన్న సంగతి కొత్తదీ కాదు. నార్వేలో కార్ల్ ముల్లర్ అనే వైద్యుడు 1930ల చివరలోనే ఈ బుడిపెలు, అధిక కొలెస్టరాలు, గుండెనొప్పి మూడూ ఒకే కుటుంబంలో తరతరాలుగా కలిసి నడుస్తాయని రాశాడు. మా తాతగారు అప్పటికి ఇంకా బతికే ఉన్నారు.

ఇక్కడ మీరు నన్ను ఒక మాట అడగవచ్చు. అంతా పుట్టుకతోనే రాసి ఉంటే తిండి గురించి, నడక గురించి ఇంత గోల ఎందుకు? నొసటి రాత అనుకుని హాయిగా ముద్దపప్పులో నెయ్యి వేసుకు తినవచ్చు గదా?

ఈ ప్రశ్నకు నాకు తెలిసినంతలో మంచి జవాబు నెదర్లాండ్సులో ఉంది. అక్కడ ఈ జన్యుదోషమున్న ఒక పెద్ద కుటుంబపు వంశవృక్షాన్ని పరిశోధకులు రెండు శతాబ్దాల వెనక్కి తవ్వారు. 2001లో ఆ వివరాలు అచ్చయ్యాయి. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ దోషం మోసినవారు ఊళ్ళోని తక్కినవారికంటే ముందుగా ఏమీ చనిపోలేదు. వారిలో మరణాలు 1915 తరువాత పెరగడం మొదలై, 1935 నుంచి 1964 వరకు ఉన్న కాలంలో మిక్కుటమయ్యాయి, ఆ పిదప తగ్గాయి. జన్యువు అదే, ఇంటిపేరు అదే. మారినది చుట్టూ ఉన్న బతుకు. పైపెచ్చు అదే వంశంలోని రెండు శాఖల మధ్య కూడా తేడా కనిపించింది. ఇటువంటిదే మరొకటి: ఇదే దోషమున్న చైనావారిని చైనాలో ఉన్నవారిని, కెనడాలో స్థిరపడినవారిని పోల్చి 1998లో ఒక పరిశీలన వచ్చింది. కెనడాలో ఉన్నవారికి ఎల్‌డీఎల్ ఎక్కువగా ఉన్నది. వారిలో నలుగురిలో ఒకరికి మా నాన్నగారి వంటి బుడిపెలున్నాయి, చైనాలో ఉన్నవారిలో ఒక్కరికీ లేవు.

ఈ డచ్చి కుటుంబం కథ చదివినప్పుడు నాకు మా ముత్తాతగారు గుర్తుకు వచ్చారు. ఆయన డెబ్భై దాటి బతికారని మేనత్త చెప్పింది. దోషం ఆయన వైపు నుంచి వచ్చిందో, మా ముత్తవ్వ వైపు నుంచి వచ్చిందో ఇప్పుడెవరికీ తెలియదు. గోత్రం తండ్రి వెంట నడుస్తుంది గాని, ఈ దోషం తల్లి వెంటా అంత సులువుగానే నడుస్తుంది. మన పుస్తకాలలో ఆడవారి పుట్టింటి వైపు తిథులు అసలే ఉండవు. సగం వంశవృక్షం అక్కడే తెగిపోతుంది.

కనుక తిండికి లెక్క ఉన్నది. కాకపోతే మనం వేసే లెక్క తప్పు. గుడ్డులోని పచ్చసొనను చూసి భయపడతాం. కాలేయపు రేవులను మూసేయించడంలో దానికంటే గట్టి చెయ్యి సంతృప్త కొవ్వుది. కొబ్బరినూనెలో దాదాపు తొంభై పాళ్ళు, నేతిలో అరవై పైన, పామోలిన్‌లో సగానికి కొంచెం తక్కువగా ఉండేది అదే. ఇక వేరుశనగనూనె పాకెట్టు మీద "కొలెస్టరాలు లేనిది" అని గొప్పగా అచ్చు వేస్తారు. గింజల నుంచి తీసిన ఏ నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్టరాలు ఉండదు! బావినీటి సీసా మీద "ఉప్పు కలపనిది" అని రాసినట్టే. డాల్డా వంటి వనస్పతిలోని ట్రాన్స్ కొవ్వు వీటన్నిటికంటే చెడ్డది. నూనెలలో, కొవ్వులలో అది నూటికి రెండు పాళ్ళు మించకూడదని 2022 నుంచి మన దేశంలో నియమం వచ్చింది. అది ఎన్నడో రావలసినది.

మన జనానికి ఇంకొక చిక్కు ఉంది. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా చేయించిన పెద్ద సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. పెద్దలలో మొత్తం కొలెస్టరాలు ఎక్కువున్నవారు నూటికి 24 మంది. కానీ మంచిదని పేరుపడ్డ హెచ్‌డీఎల్ తక్కువున్నవారు దాదాపు 67 మంది! ట్రైగ్లిసరైడ్లు ఎక్కువున్నవారు 32 మంది. ఈ రెండింటి వెనుక నెయ్యికంటే అన్నం రాశి, పంచదార, కదలకుండా కూర్చోవడం, నడుం చుట్టుకొలత ఎక్కువగా ఉంటాయి. మూడో మారు వడ్డించుకున్న అన్నాన్ని మనవారు ఎవరూ తప్పుపట్టరు, దాని మీద పడిన నేతిచుక్కను తప్పుపడతారు. అటు నా వంటివారికి ఒక్క జన్యువు చేసిన పని, ఇటు ఎక్కువమందికి చిన్న చిన్న జన్యువులు అనేకం కలిసి అలవాట్లతో చేతులు కలిపి చేసే పని, రెండింటినీ ఒక్క "ఏం తింటున్నావు?"లో కుక్కేస్తున్నాం. తిండి మార్చుకుంటే సరిపోయేవాడూ, ఎంత మార్చుకున్నా మందు లేనిదే గట్టెక్కనివాడూ ఒకే బల్ల మీద కూర్చుని ఒకే సలహా వింటున్నారు. మొదటివాడికి అది మేలు. రెండోవాడికి, ఇంకో ఆరు నెలలు, ఇంకో ఏడాది అంటూ కాలం గడిచిపోతుంది. మా పెదనాన్న చుట్టలు మానేసి రెండేళ్ళు అయ్యాకనే పోయారని మేనత్త చెబితే నాకు కళ్ళు చెమర్చాయి.

మందు మాట వచ్చింది కనుక చెబుతాను. స్టాటిను అనగానే మనలో చాలామంది మొహం చిట్లిస్తారు. "ఒకసారి మొదలుపెడితే జీవితాంతం మింగాలట, లివరు పాడవుతుందట, కంపెనీల కుట్రట." ఈ మందు పుట్టుక తెలిస్తే అన్నం తినే జాతిగా మనం కాస్త మెత్తబడతామేమో. జపానులో అకిర ఎండో అనే రైతుబిడ్డ ఉండేవాడు. చిన్నప్పటి నుంచీ పుట్టగొడుగులన్నా బూజులన్నా ఇష్టం. టోక్యోలోని మందుల కంపెనీలో చేరి, వేల రకాల బూజులను ఒక్కొక్కటిగా పరీక్షించి, చివరకు 1973లో ఒక నీలిపచ్చ బూజులో కావలసినది కనుగొన్నాడు. ఆ బూజు క్యోటోలో ఒక ధాన్యపు కొట్టులోని బియ్యానికి పట్టినది! దాని నుంచి వచ్చిన పదార్థం కాలేయంలో కొలెస్టరాలు తయారీని అడ్డుకుంటుంది. తయారీ తగ్గేసరికి కాలేయం బయట నుంచి లాక్కోవడానికి ఇంకొన్ని రేవులు తెరుస్తుంది. సగం రేవులతో పుట్టిన నా వంటివాడికి ఇంతకంటే ఏం కావాలి? ఈ తరహా మందులలో మొదటిది 1987లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. మా పెదనాన్న పోయింది ఆ మరుసటేడు. ఎండో 2024లో, తొంభై ఏళ్ళ వయసులో కన్నుమూశాడు.

దుష్ఫలితాలు లేవని అనను. కొందరికి కండరాల నొప్పులు వస్తాయి, కొందరిలో మధుమేహం కొంచెం ముందుగా బయటపడుతుంది. డాక్టరుతో మాట్లాడి మోతాదు మార్చుకునే సంగతులవి. నాకు రెండు మందులు కలిపి ఇచ్చారు. ఇప్పుడు నా ఎల్‌డీఎల్ 104. నడక మానలేదు. మా అమ్మ గరిటెను వెలుతురుకు ఎత్తి చూడటం మానేసింది.

అసలు నేను రాయాలనుకున్నది ఇప్పుడు చెబుతాను. ఈ దోషమున్నవారి ప్రతి బిడ్డకూ అది రావడానికి సగానికి సగం అవకాశం. 2018లో నా ఇద్దరు పిల్లలకూ రక్తపరీక్ష చేయించాను. అబ్బాయికి 88. అమ్మాయికి 211; అప్పటికి దానికి పదేళ్ళు. డాక్టరుగారి సలహా మీద ఆ ఏడే చిన్న మోతాదులో మందు మొదలుపెట్టాం. పదేళ్ళ పిల్లకు జీవితాంతపు మందా అని ఇంటిల్లిపాదీ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. 2019లో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ఒక పరిశీలన వచ్చింది. ఇటువంటి పిల్లలకు చిన్నతనంలోనే స్టాటిను మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు కనిపెట్టుకుని చూశారు. 39 ఏళ్ళు వచ్చేసరికి ఆ పిల్లలలో గుండె, రక్తనాళాల జబ్బు బారిన పడినవారు నూటికి ఒక్కరు. అదే దోషమున్న వారి తల్లిదండ్రులలో, అదే వయసు వచ్చేసరికి, నూటికి 26 మంది. ఆ రెండు అంకెలు నేను కాగితం మీద రాసి బీరువా తలుపుకు లోపలివైపు అంటించాను.

మా తమ్ముడికి కూడా ఉన్నది. వాడు మాత్ర గుర్తున్నప్పుడు వేసుకుంటాడు. వాడి కూతురికి పన్నెండేళ్ళు. పరీక్ష చేయించమని మూడేళ్ళుగా అడుగుతున్నాను. "వద్దన్నయ్యా, ఆడపిల్ల. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఎవరికైనా తెలిస్తే?" అంటాడు. నాకూ ఆడపిల్లే అన్నాను. వాడు తల దించుకున్నాడు తప్ప మాట మార్చలేదు.

వాణ్ణి తిట్టి లాభం లేదు. పెళ్ళిచూపులలో జాతకం అడుగుతాం, నక్షత్రం అడుగుతాం, గోత్రాలు కలవకూడదని తెగ జాగ్రత్త పడతాం. అటు మేనరికాలను మాత్రం ముచ్చటగా చేసుకుంటాం. ఒకే తాతగారి దోషం అటు మేనమామ ఇంటా ఇటు మేనకోడలి ఒంటా ఉండి, ఆ ఇద్దరికీ పెళ్ళి చేస్తే, పుట్టే బిడ్డకు రెండు ప్రతులూ దోషంతో రావడానికి నాలుగింట ఒక పాలు అవకాశం. పిట్స్‌బర్గు పాప సంగతి పైన చెప్పాను. దాచిపెడితే ఇంటి పరువు నిలుస్తుందని మనం అనుకుంటాం. దాచినందువల్ల జన్యువు ఎక్కడికీ పోదు, దాన్ని అదుపులో పెట్టుకునే ఇరవై ఏళ్ళు మాత్రం చేజారిపోతాయి. జబ్బు ఉందని తెలిసి మందు వేసుకుంటున్న అమ్మాయికంటే, తెలియకుండా ఉన్న అమ్మాయి మంచి సంబంధం ఎలా అవుతుందో నాకు ఎవరైనా విడమరిచి చెప్పాలి.

ఇదేమంత ఖర్చైన పరీక్ష కాదు. ఇప్పుడు పరగడుపున కూడా చేయించనక్కరలేదని మన దేశపు గుండెవైద్యుల సంఘం 2024లో విడుదల చేసిన సూచనలలో ఉన్నది. పెద్దవారిలో ఎల్‌డీఎల్ 190 దాటితే, పిల్లలలో ఇంటి చరిత్రతో పాటు 160 దాటితే వారసత్వాన్ని అనుమానించాలంటారు. లైపోప్రోటీన్ (ఎ) అని ఇంకొకటి ఉన్నది. దాదాపు పూర్తిగా పుట్టుకతో వచ్చేది. తిండితో, నడకతో మారదు. మన దేశంలో సుమారు నలుగురిలో ఒకరికి ఎక్కువట. జీవితంలో ఒక్కసారి చూపించుకుంటే చాలు.

మొన్న వేసవిలో ఆ పాత నోటుపుస్తకానికి అట్ట వేయించాను. ప్రతి తిథి పక్కనా మార్జిన్‌లో పెన్సిలుతో వయసు, కారణం రాశాను. తెలియనిచోట ఖాళీ వదిలాను. మేనత్త చెప్పగా ఆమె అమ్మమ్మ వైపు వారివీ నాలుగు పేర్లు చేరాయి. నా పేరు కింద 262 అని, అమ్మాయి పేరు కింద 211 అని, అబ్బాయి పేరు కింద 88 అని వేశాను. చనిపోయినవారి పుస్తకంలో బతికున్నవారి పేర్లు రాయడం అశుభమని మా అమ్మ కాసేపు నొచ్చుకుంది. తరువాత తానే కళ్ళజోడు పెట్టుకుని, తన తండ్రిగారు 81కి పోయారు, రాసుకో అన్నది.

వచ్చే నెల నాన్నగారి ఆబ్దికం. తమ్ముడు పిల్లలతో వస్తున్నాడు. మంత్రం చెప్పేటప్పుడు పేర్లు చూసుకోవడానికి పుస్తకం ఎప్పుడూ వాడి చేతిలోనే ఉంటుంది. వాడి కూతురి పేరు కూడా రాసి పెట్టాను. దాని కింద గడి ఖాళీగా ఉన్నది.